పాత పోర్షే 911కు ఫుక్స్ చక్రాలు: ఎంపిక, పునరుద్ధరణ

పోర్షే 911ను పక్క నుంచి చూసినప్పుడు కంటికి ముందుగా ఆనేది అయిదు రేకుల చక్రం. 1967 మోడల్ 911 ఎస్‌తో వచ్చిన ఈ చక్రం పోర్షే నమూనాల విభాగంలో హైన్రిష్ క్లీ చేతిలో రూపుదిద్దుకుంది. తయారుచేసింది జర్మనీలోని మైనర్త్స్‌హాగెన్ పట్టణానికి చెందిన ఒట్టో ఫుక్స్ సంస్థ. అప్పట్లో అల్లాయ్ చక్రాలను ఎక్కువగా అచ్చులో పోత పోసేవారు. ఫుక్స్ మాత్రం వేడి చేసిన అల్యూమినియం దిమ్మెను భారీ ప్రెస్సుల కింద నొక్కి, ఆ తర్వాత దాని అంచును చీల్చి రిమ్‌గా సాగదీసింది. ఇలా నొక్కి చేసిన లోహంలో పోతలో ఉండే సన్నని గాలి బుడగలు ఉండవు. అందుకే తక్కువ బరువులోనే ఎక్కువ బలం వచ్చింది, అర్ధ శతాబ్దం దాటినా ఈ చక్రాలు ఇంకా రోడ్ల మీద తిరుగుతున్నాయి. పునరుద్ధరణలో మనం కాపాడవలసింది కూడా ఈ బలాన్నే. మెరుపు దాని తర్వాతి సంగతి.

కొనేటప్పుడు చక్రాన్ని ముందు వైపు నుంచి కాక వెనుక వైపు నుంచి చూడాలి. రేకుల వెనుక భాగంలో తయారీదారు పేరు, పోర్షే విడిభాగం సంఖ్య, వెడల్పు, తయారైన నెల, సంవత్సరం లోహంలోనే అచ్చుపడి ఉంటాయి. దశాబ్దాల బ్రేకు దుమ్ము వాటిని కప్పేస్తుంది కనుక మెత్తని బ్రష్షుతో తుడిచి, టార్చిలైటును ఏటవాలుగా పట్టి చదవాలి. పోత పోసిన నకళ్లు ముందు నుంచి అసలు వాటిలాగే కనిపిస్తాయి కానీ వెనుక వైపు ఈ అచ్చులు ఉండవు, లేదా అక్షరాల తీరు తేడాగా ఉంటుంది. వెనుక వైపు ఫొటోలు పంపడానికి వెనుకాడే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. జర్మనీలో మన్‌హైమ్‌లో జరిగే వెటరామా అనే పాత వాహనాల సంతలో ఇవి చేతికి దొరుకుతాయి. ఇలాంటి చోట చక్రాన్ని నేల మీద తిప్పి చూసే అవకాశం ఉంటుంది కాబట్టి రెండు డబ్బులు ఎక్కువైనా నష్టం లేదు.

ఇక వెడల్పు విషయంలో చాలామంది పొరబడతారు, మొదటిసారి నేనూ పొరబడ్డాను. 1967లో నాలుగున్నర అంగుళాలతో మొదలైన వెడల్పు 1968లో అయిదున్నరకు, 1969లో ఆరుకు పెరిగింది. 1973 నాటి 911 కరేరా ఆర్‌ఎస్ ముందు చక్రాలు ఆరు, వెనుకవి ఏడు అంగుళాలు. 911 టర్బో ముందు చక్రాలు ఏడు, వెనుకవి ఎనిమిది అంగుళాలు. 15 అంగుళాల చక్రాల్లో ఆఫ్‌సెట్, అంటే హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకు) ఆనే ముఖం రిమ్ నడుమ గీత నుంచి ఎంత పక్కకు ఉందనే కొలత, ఆరంగుళాల దానికి 36, ఏడంగుళాల దానికి 23.3, ఎనిమిది అంగుళాల దానికి 10.6 మిల్లీమీటర్లు. లెక్క వేసి చూస్తే మూడింటిలోనూ లోపలి అంచు ఒకే చోటికి వస్తుంది, పెరిగిన ప్రతి అంగుళమూ పూర్తిగా బయటికే పోతుంది. నేను కొన్న నాలుగింటిలో ఒకటి ఏడంగుళాలది అని ముందు మడ్‌గార్డు అంచుకు టైరు రాసుకున్నాకే తెలిసింది. అమ్మినవారు నాలుగూ ఒకటే అన్నారు, నేను వెనుక అచ్చు చదవలేదు. వెనుక మడ్‌గార్డులు ఇరుకుగా ఉన్న తొలినాటి కార్లకు ఏడు, ఎనిమిది అంగుళాల చక్రాలు పట్టవని గుర్తుంచుకోవాలి. బోల్టు రంధ్రాలు అయిదు ఉండాలి, వాటి వలయం వ్యాసం 130 మిల్లీమీటర్లు. పోర్షే 914 కోసం చేసిన నాలుగు రంధ్రాల ఫుక్స్ చక్రాలూ సంతలో దొరుకుతాయి, అవి 911కు బిగవు.

ఇంటికి తెచ్చాక మొదటి పని టైరు తీయించి, పాత బ్యాలెన్సింగ్ బరువులు, వాల్వు తొలగించి, ఆమ్లం లేని సబ్బు నీళ్లతో కడగడం. ఆ తర్వాత చక్రాన్ని బ్యాలెన్సింగ్ యంత్రం మీద పెట్టి సన్నని తేడాలను ముల్లుతో చూపే డయల్ గేజ్‌తో రిమ్ ఎంత వంకరగా తిరుగుతోందో కొలవాలి. కొద్దిపాటి వంకరను అనుభవం ఉన్న చక్రాల నిపుణుడు ప్రెస్సు మీద సరిచేయగలడు. వంకర ఎక్కువైనా, దాన్ని సరిచేయడానికి మంట పెట్టాలన్నా ఆ చక్రాన్ని పక్కన పెట్టేయాలి. ఈ లోహానికి బలం వచ్చింది ఉష్ణ చికిత్స వల్ల, అదుపు లేని వేడి తగిలితే ఆ బలం పోతుంది. వెల్డింగును కూడా ఇందుకే ఒప్పుకోకూడదు. వెల్డింగు చేసి రంగు పూసిన పగులు కంటికి కనబడదు, గంటకు 150 కిలోమీటర్ల వేగంలో మాత్రం బయటపడుతుంది.

పగుళ్ల పరీక్షను నేను ఎప్పుడూ వదలను. రంగు తొలగించిన, పొడిగా ఉన్న లోహం మీద పగుళ్లలోకి ఇంకే ఎర్రని పెనెట్రంట్ ద్రవం పూసి, దాని డబ్బా మీద రాసిన సమయం ఆగి, పైపైన తుడిచి, ఇంకిన ద్రవాన్ని పైకి లాగే తెల్లని డెవలపర్ పొడి చల్లాలి. పగులు ఉంటే తెల్లని పొడి మీద సన్నని ఎర్రటి గీత నెమ్మదిగా పైకి తేలుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ, రేకుల మొదళ్ల దగ్గర, లోపలి అంచు మీద ప్రత్యేకంగా చూడాలి. ఈ పరీక్షకు ముందు ఇసుకను గానీ గాజు పూసలను గానీ వేగంగా కొట్టించే బ్లాస్టింగ్ చేయించకూడదు. ఆ దెబ్బలకు పై లోహం కదిలి పగులు నోరు మూసుకుపోతుంది, ఉన్న పగులు కూడా పరీక్షలో కనబడదు. అందుకే రంగును రసాయన స్ట్రిప్పర్‌తోనే తీయించాలి.

ఇక పైపూత విషయం. అసలు ఫుక్స్ చక్రం అద్దంలా మెరవదు. అనోడైజింగ్ అనే విద్యుత్ రసాయన ప్రక్రియతో అల్యూమినియం మీదే గట్టి ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది, రేకులకు ఆ నెమ్మదైన కాంతి దాని వల్లే వస్తుంది. ఆ పొర బాగా ఉండి చిన్నచిన్న గీతలు మాత్రమే ఉంటే దాన్ని అలాగే ఉంచడమే నా సలహా, ఎందుకంటే ఒకసారి తొలగిస్తే అసలు ఉపరితలం తిరిగి రాదు. తొలగించక తప్పనప్పుడు ఆ పని అనోడైజింగ్ వర్క్‌షాపుకే అప్పగించాలి. దానికి వాడే కాస్టిక్ సోడా పొరతో పాటు లోహాన్ని కూడా తింటుంది, మండే హైడ్రోజన్ వాయువునూ వదులుతుంది. నునుపు చేయడానికి 400 నంబరు నీటి ఎమరీ కాగితంతో మొదలుపెట్టి 600, 800 వరకు వెళ్లవచ్చు, కానీ రేకు అంచు దగ్గరికి రాగానే యంత్రంతో మెరుగుపెట్టే బఫింగ్ చక్రాన్ని ఆపి చేత్తోనే రుద్దాలి. ఆ అంచుల పదును మొద్దుబారితే కొత్తగా రంగు వేసినా చక్రం కరిగిన మైనపు బొమ్మలా కనిపిస్తుంది. నాలుగు చక్రాలనూ ఒకే తొట్టిలో, ఒకే రోజు అనోడైజ్ చేయించాలి, వేరువేరుగా చేస్తే వాటి ఛాయ కలవదు. పౌడర్ కోటింగ్ చౌకగా దొరుకుతుంది కానీ దాన్ని గట్టిపరచే పొయ్యి వేడి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది కనుక ఈ లోహానికి దాన్ని నేను ఒప్పుకోను.

రేకుల మధ్య లోతులో వేసే నల్ల రంగు మరీ నిగనిగలాడకూడదు, మరీ మసకబారకూడదు. టేపు అంటించి పొర మీద పొరగా పలుచగా చల్లాలి. హబ్‌కు ఆనే వెనుక ముఖం మీద, నట్లు కూర్చునే గుంటల్లో చుక్క రంగు కూడా పడకూడదు. అక్కడ రంగు ఉంటే కొద్ది రోజులకే నలిగి, బిగించిన నట్లు వదులవుతాయి.

టైరు ఎక్కించేటప్పుడు కొత్త వాల్వు వేయించి, బరువులను లోపలి వైపు అంటించే రకంవి మాత్రమే వాడమనాలి, అంచుకు బిగించే క్లిప్పులు కొత్త పొరను కొరుకుతాయి. టైరు పక్క గోడ మీద తయారీ వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నట్ల కింది భాగం గుండ్రని గోళాకారంలో ఉండాలి, వేరే కారు శంఖాకార నట్లను ఈ గుంటల్లో బిగించకూడదు. ముందు చేత్తో తిప్పి, తర్వాత నక్షత్రం ఆకారంలో ఒకదాని ఎదుటిది ఒకటిగా, బిగింపును కొలిచే టార్క్ రెంచ్‌తో 130 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రాలు చల్లబడనిచ్చి అదే రెంచ్‌తో మళ్లీ చూడాలి. ఏదైనా నట్టు మళ్లీ తిరిగితే చక్రం తీసి, గుంటలో రంగు మిగిలిందేమో వేలితో తడిమి చూడాలి.