బరువు తగ్గించే (బేరియాట్రిక్) ఆపరేషన్ తర్వాత మళ్లీ బరువు పెరిగితే: రెండో ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు

ముందు పాత ఆపరేషన్ నోట్స్ తెప్పించుకోండి. చేసింది స్లీవా (పొట్టలో ఎక్కువ భాగం కోసేసి సన్నని గొట్టంలా మిగల్చడం), బైపాసా (పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి నేరుగా పేగుకు కలపడం), బైపాస్ అయితే ఎంత పేగు దాటించారు అన్నది సర్జన్‌కు తెలియాలి.

ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో లోపల చూడటం), బేరియం ఎక్స్‌రే (బేరియం ద్రవం తాగించి తీసే ఎక్స్‌రే) రెండూ చేయించండి. పొట్ట సంచి సాగిందా, పేగుతో కుట్టిన చోటు వెడల్పయిందా, సంచికీ విడదీసిన పాత పొట్టకూ మధ్య దారి పడిందా చూడాలి. ఇవన్నీ బాగుంటే కోతకు తొందరపడొద్దు, కారణం వేరే చోట ఉండొచ్చు.

• 2 వారాలు తిన్నదీ తాగిందీ రాయండి. చక్కెర టీ, జ్యూస్, ఐస్‌క్రీమ్ చిన్న సంచిలోంచీ ఇట్టే జారిపోతాయి. కడుపు నిండదు, కేలరీలు మాత్రం చేరతాయి.
• థైరాయిడ్ పరీక్ష చేయించండి. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక సమస్యల మందులూ బరువు పెంచుతాయి. సొంతంగా మానేయకండి.
• విటమిన్ బి12, ఫెర్రిటిన్ (ఇనుము నిల్వలు), విటమిన్ డి, ఆల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) తక్కువుంటే ముందు సరిచేసుకోవాలి.
• సిగరెట్ పూర్తిగా మానాలి. తాగితే బైపాస్ కుట్ల దగ్గర పుండ్లు పడతాయి.
• స్లీవ్ తర్వాత గుండెమంట ఎక్కువైతే, మళ్లీ స్లీవ్ కాకుండా బైపాస్ గురించి అడగండి.

ఆపరేషన్ బదులు సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు సరిపోతాయేమో కూడా అడగండి. ఇప్పటికే వాడుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పాలి: ఆహారం పొట్టలోనే నిలిచి, మత్తులో ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మొదటి ఆపరేషన్ వల్ల లోపలి అవయవాలు అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి కుట్ల దగ్గర లీకు ప్రమాదం మొదటిసారి కన్నా ఎక్కువ. ఇలాంటి రెండో ఆపరేషన్లు ఎన్ని చేశారో సర్జన్‌ను మొహమాటపడకుండా అడగండి.