సినిమా మీద రాయడం, 6వ పాఠం: గొడ్డలి ఎవరు దించారో తెలిశాక

పోయిన పాఠంలో తప్పు నాదే. 'ఈ వారం ద థింగ్ చూసి పోలుస్తూ ఒక పేజీ రాయండి' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. జాన్ కార్పెంటర్ 1982లో తీసిందీ, దానికి ప్రీక్వెల్‌గా, అంటే అంతకు ముందు జరిగిన కథగా, 2011లో వచ్చిందీ ఒకే పేరుతో ఉన్నాయని చెప్పనేలేదు. రెండింట్లోనూ దక్షిణ ధ్రువపు మంచులోంచి బయటపడిన వేరే గ్రహపు జీవి ఒకటి, శిబిరంలో మనుషుల్ని చంపి అచ్చం వాళ్లలా మారిపోతుంటుంది. వచ్చిన కాగితాల్లో సగం 2011 సినిమా ఒక్కదాని మీదే. కందుకూరు నుంచి ఒకాయన ఏకంగా 1951 నాటి నలుపు తెలుపు సినిమా పట్టుకుని, 'మీరు దక్షిణ ధ్రువం అన్నారు, ఇక్కడ ఉత్తర ధ్రువం ఉందేంది సార్?' అని అడిగారు. ఆయన తప్పేం లేదు. అదీ ఈ రెండూ 1938లో జాన్ క్యాంప్‌బెల్ రాసిన ఒకే కథలోంచి పుట్టినవే.

అసలు చిక్కు కావలి అమ్మాయి కాగితంలో ఉంది. రెండూ చూసింది, కానీ 2011ది ముందు చూసింది. 'కథలో అదే ముందు జరిగింది కదా సార్' అంది. వినడానికి సబబుగానే ఉంది. ఏం పోయిందో చెప్తాను.

తుఫాను వెళ్లిన మర్నాడు కొత్తపట్నం ఒడ్డుకు వెళ్లారనుకోండి. ఇసుకలో ఒక పడవ బోర్లాపడి ఉంది. పక్కన తెగిన వల, ఒంటి చెప్పు. కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఇంతలో ఒకతను వచ్చి, 'రాత్రి తాడు తెగిందబ్బా, పడవలో ఎవురూ లేరు, ఆ చెప్పు మా బావమరిదిది' అంటాడు. మీకు సంగతి తెలిసింది. ఇంక ఆ చెప్పు వట్టి చెప్పే.

1982 సినిమాలో అమెరికా శిబిరం వాళ్లు నార్వే శిబిరానికి వెళ్లే ఘట్టం సరిగ్గా ఆ ఒడ్డు లాంటిది. కాలిపోయిన గదులు, నాటుకుపోయిన గొడ్డలి, కుర్చీలో గొంతు కోసుకుని గడ్డకట్టిన మనిషి, ఏదో బయటికి వచ్చినట్టు గుల్లగా ఉన్న పెద్ద మంచుదిమ్మ, బయట రెండు మొహాలు కలిసిపోయిన కాలిన శవం. ఎవరూ ఏమీ చెప్పరు. 2011 సినిమా పని ఆ ఒక్కొక్క వస్తువుకీ సమాధానం చెప్పడం. గొడ్డలి ఎందుకు దిగింది, ఆ రెండు మొహాలు ఎవరివి, అన్నీ లెక్క తేలుస్తుంది. చివర్లో హెలికాప్టర్ కుక్కను తరమడం దాకా తెచ్చి, పాత సినిమా మొదటి దృశ్యానికి ముడి వేస్తుంది. శ్రద్ధగా చేసిన పనే, కాదనను. కానీ ముందు దాన్ని చూసేస్తే పాత సినిమాలో ఆ గొడ్డలి వట్టి గొడ్డలి అయిపోతుంది. కాబట్టి ఎప్పుడూ విడుదలైన వరసలోనే చూడండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే వాక్యం. పదకొండు కాగితాల్లో ఉంది: 'పాత సినిమా ఏమీ చూపించకుండానే భయపెట్టింది, కొత్తది గ్రాఫిక్స్‌తో చెడగొట్టింది.' నిజంగా చూసే రాశారా? పాత సినిమాలో ఒకడి పొట్ట నోరులా తెరుచుకుని డాక్టర్ చేతులు కొరికేస్తుంది. ఊడిన తల సాలీడు కాళ్లు మొలిపించుకుని నడిచి వెళ్తుంది. రాబ్ బాటిన్ ఆ బొమ్మలు చేసేనాటికి పాతికేళ్లు కూడా నిండలేదు. దాచిపెట్టడం అతని వల్ల అయ్యే పని కాదు! 1982లో విమర్శకులు ఆ సినిమాను తిట్టింది కూడా ఇంత చూపించాలా అనే. 2011 సినిమాకూ మొదట మరబొమ్మలు చేశారు, తర్వాత చాలావాటి మీద కంప్యూటర్ బొమ్మ కప్పారు. అది లోపమే, ఒక వాక్యం రాయండి, చాలు.

తేడా అక్కడ లేదు. పాత సినిమాలో మనిషి ఎప్పుడు మారిపోయాడో మనకు చూపించరు. కుక్క వేషంలో ఉన్న ఆ జీవి ఒక గదిలోకి వెళ్తుంది, గోడ మీద నీడ తిరుగుతుంది, అంతే. ఆ నీడ ఎవరిది? సినిమా అయిపోయినా చెప్పరు. కొత్త సినిమాలో ఆ జీవి తనే బయటపడి వెంట తరుముతుంది. పాతదాంట్లో పక్కవాడిని చూస్తే భయం, కొత్తదాంట్లో వెనకాల వచ్చేదాన్ని చూస్తే భయం.

కొత్తదానికి ఒక మార్కు నేను వేస్తాను. ఆ జీవి లోహాన్ని అనుకరించలేదు కాబట్టి కథానాయిక కేట్ అందరి నోళ్లలో పళ్ల ఫిల్లింగ్, అంటే పుచ్చిన పంటిలో నింపిన లోహం, వెతుకుతుంది. ఉన్నవాడు మనిషే. లేనివాడు? జీవి కావచ్చు, పళ్లు పుచ్చని మనిషీ కావచ్చు. పాత సినిమాలో కాల్చిన తీగ ఒక్కొక్కరి రక్తంలో ముంచితే మనిషి వేషంలో ఉన్న దొంగ దొరికిపోతాడు. ఇక్కడ దొరకడు, అనుమానమే పెరుగుతుంది. ఆలోచనగా ఇదే ముదురు. దాన్ని కాసేపైనా నిలవనివ్వకుండా పరుగులు మొదలుపెట్టారు, అదీ నా బాధ.

నేను రాసేటప్పుడు నటన, కెమెరా, సంగీతం అని గడులు గీయను. కాగితం నిలువుగా మడిచి ఎడమవైపు పాత సినిమా అడిగిన ప్రశ్న, కుడివైపు కొత్తది ఇచ్చిన జవాబు రాసుకుంటాను. కుడివైపు ఖాళీ ఉన్నచోట ఇంకా భయం మిగిలి ఉందని గుర్తు. పాత సినిమాకు మోరికోన్ చేసిన సంగీతం మీద ఇంకో పాఠం పెడతాను, ఇప్పుడు మొదలుపెడితే ఆపలేను.

అభ్యాసం మర్చిపోయాను. నార్వే శిబిరం ఘట్టం మూడుసార్లు చూడండి, ఒకసారి సౌండ్ పూర్తిగా తీసేసి. తర్వాత రెండు పరీక్షలనూ, అంటే రక్తాన్నీ పళ్లనూ, 150 మాటల్లో పోల్చండి. 'బాగుంది', 'బాలేదు', 'గ్రాఫిక్స్', 'భయం' అనే మాటలు ఎక్కడా రాకూడదు. కావలి అమ్మాయికి మినహాయింపు: గొడ్డలి సంగతి ముందే తెలిసినవాళ్లకు ఆ గది ఎలా కనిపిస్తుందో తనొక్కతే రాయగలదు, అది రాసి పంపాలి. కందుకూరు ఆయన 1951 మీదే రాయొచ్చు, ఎటూ చూశారు కదా.