స్టాంపింగ్‌కి బయల్దేరేముందు: టెక్సాస్‌లో డీడబ్ల్యూఐ కోర్టు కాగితాలు

డిసెంబరులో ఇండియా వెళ్లి వీసా స్టాంపింగ్ చేయించుకునేవాళ్లలో, ఎప్పుడో తాగి బండి నడిపిన కేసు (డీడబ్ల్యూఐ) ఉన్నవాళ్లు టికెట్ కొనేముందే ఇవి చూసుకోండి.

• కేసు కొట్టేశారు కదా అని వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో ‘నో’ పెట్టకండి. అక్కడ అడిగేది శిక్ష గురించే కాదు, అరెస్టు గురించి కూడా. దాచారని తేలితే అసలు కేసు కన్నా అదే పెద్ద తలనొప్పి.

• కోర్టు కాగితాలు వెతకాల్సింది మీరుండే కౌంటీలో కాదు, పోలీసులు పట్టుకున్న చోటి కౌంటీలో. ఫ్రిస్కో ఊరే చూడండి, కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది.

• మొదటిసారి కేసు కాగితాలు మామూలుగా కౌంటీ క్లర్క్ దగ్గర, ఫెలనీ (పెద్ద నేరం) అయితే డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి.

• ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, రెండు రకాలుగానూ వెతకండి. పుట్టిన తేదీ కూడా కలవాలి. రెడ్డిలు, రావులు ఎంతమందో!

• స్క్రీన్ ప్రింట్ చాలదు. క్లర్క్ ముద్రతో సర్టిఫైడ్ కాపీ కావాలి, అందులో కేసు చివరికి ఏమైందో ఉండాలి.

• డీపీఎస్ (డ్రైవింగ్ లైసెన్సులిచ్చే టెక్సాస్ శాఖ) చేసిన లైసెన్స్ సస్పెన్షన్ వేరే వ్యవహారం, ఈ కోర్టు ఫైల్లో వెతక్కండి.