వడ్ల లోడుకు ఏ ట్రాక్టరు, ఏ గేరు?

కోతలు మొదలయ్యాయంటే సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్ల నుంచి మిర్యాలగూడ మిల్లుల దాకా రోడ్ల నిండా వడ్ల ట్రాలీలే. ట్రాక్టర్ కొనడానికి షోరూముకు పోయినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న 'ఎన్ని బస్తాలు లాగుతది?' అని. లాగడం ఏ ట్రాక్టరైనా లాగుతుంది. ఎన్ని బస్తాలను ఆపగలదో అడగాలి.

ముందు బరువు లెక్క వేసుకోండి. 40 కిలోల బస్తాలు 150 వేస్తే 6 టన్నులు. ట్రాలీ బరువు ఇంకో టన్నున్నర అనుకోండి. 45 హెచ్‌పీ ట్రాక్టరు దగ్గరదగ్గర 2 టన్నులుంటుంది. అంటే తన బరువుకు దాదాపు నాలుగింతలు వెనకాల కట్టుకొని పోతోందన్నమాట. మన దగ్గర చాలా ట్రాలీలకు బ్రేకులుండవు. ఆ బరువునంతా ఆపాల్సింది ట్రాక్టరు వెనక చక్రాలు రెండే.

అందుకే ఇంత లోడుకు 45 హెచ్‌పీకి తక్కువ వద్దు. 35 హెచ్‌పీ బండి కూడా మెల్లగా లాగుతుంది కానీ, తేలిక బండిని దిగుడులో ట్రాలీయే తోసేస్తుంది. హెచ్‌పీ ఒక్కటే చూసి మోసపోవద్దు. ఒకే హెచ్‌పీ ఉన్న రెండు ఇంజిన్లలో సీసీ (ఇంజిన్ సైజు) ఎక్కువ, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) తక్కువ ఉన్నదాన్నే తీసుకోవాలి. మిట్ట ఎక్కేటప్పుడు ఆర్‌పీఎం పడిపోతున్నకొద్దీ టార్క్, అంటే తిప్పే బలం, పెరిగి బండిని నిలబెట్టే గుణాన్ని టార్క్ బ్యాకప్ అంటారు. సేల్స్‌మన్ దాని ఊసెత్తడు, మీరే అడగండి. 55 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్ అని ఎగబడేవాళ్లూ ఉన్నారు. పది ఎకరాల రైతుకు అది డీజిలు ఖర్చు, ఈఎంఐ టెన్షన్ తప్ప ఇంకేమీ కాదు.

హుక్కు, పిన్ను, పిన్నుకు లాక్ క్లిప్, టైర్లలో గాలి చూసుకోండి. పిన్ను బదులు ఇనుప రాడ్డు ముక్క దూర్చేవాళ్లకు చెప్పేదేమీ లేదు. ట్రాలీని ట్రాక్టరు వెనక కింద ఉండే లాగుడు పట్టీకే, అంటే డ్రాబార్‌కే తగిలించాలి. పైన టాప్‌లింక్ (పనిముట్లను పై నుంచి పట్టే రాడ్డు) దగ్గర తగిలిస్తే మిట్టలో ముందు చక్రాలు లేస్తాయి. రెండు చక్రాల ట్రాలీలో బస్తాలన్నీ వెనక్కి పేరిస్తే హుక్కు పైకి లేచి ట్రాక్టరు చక్రాలకు పట్టు పోతుంది. మరీ ముందుకు పేరిస్తే స్టీరింగ్ తేలిపోతుంది. ఇరుసు మీద నుంచి కాస్త ముందుకు బరువు పడితే చాలు.

బ్రేకుల సంగతి వేరే చెప్పాలి. ట్రాక్టరుకు ఎడమ, కుడి వెనక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లుంటాయి. కేజ్‌వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) వేసి దమ్ము చేసేటప్పుడు మలుపు మలుపుకూ ఒక పక్క బ్రేకే తొక్కుతాం. దాంతో అది ఎక్కువ అరుగుతుంది. అదే బండిని అట్లాగే లోడు కట్టి రోడ్డెక్కిస్తే, తొక్కగానే ఒక పక్కకు గుంజుతుంది. ఖాళీ బండితో మట్టి దారిలో రెండు పెడళ్లూ కలిపి తొక్కి చూడండి. రెండు చక్రాల గీతలూ సమానంగా పడాలి. పడకపోతే సరి చేయించాకే లోడు. రోడ్డు మీద రెండు పెడళ్లనూ కలిపి లాక్ వేసి ఉంచాలి. మర్చిపోయాననే మాటే ఉండకూడదు.

ఇక గేరు. ఎనిమిది గేర్ల బండిలో లో నాలుగు, హై నాలుగు ఉంటాయి. సాపు రోడ్డుకు హై మూడు చాలు, గంటకు 20 కిలోమీటర్ల చుట్టూ వస్తుంది. హై నాలుగు లోడుకు కాదు. వేగం రెట్టింపయితే బ్రేకు పడ్డాక ఆగడానికి కావలసిన దూరం నాలుగింతలవుతుంది. మిల్లు దగ్గర క్యూలో ముందుండాలని ఉరికినా, అక్కడ గంటలు గంటలు నిలబడేదే కదా.

అసలు ప్రాణాల మీదికి వచ్చేది దిగుడులోనే. నాగార్జునసాగర్‌లో హిల్ కాలనీ నుంచి పైలాన్ కాలనీకి దిగేవాళ్లకూ, మన్ననూరు దాటి శ్రీశైలం ఘాట్‌లో దిగేవాళ్లకూ ఇది తెలియాలి. ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగాలి, లేదంటే ఇంకోటి తక్కువలో. ఆ గేరు దిగుడు మొదలుకాక ముందే, పైనే వేసుకోవాలి. హై నుంచి లోకు మార్చాలంటే చాలా బండ్లలో పూర్తిగా ఆగాల్సిందే. ఆగండి. వెనక లారీవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.

సగం దిగాక గేరు మార్చబోతే ఏమవుతుందో చెప్తాను. క్లచ్ తొక్కగానే ఇంజిన్ పట్టు పోతుంది, ట్రాలీ తోస్తుంది, వేగం పెరుగుతుంది. ఆ వేగానికి తక్కువ గేరు పడదు, గరగరమని చప్పుడు తప్ప. తీసిన గేరూ తిరిగి పడదు. బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది, ఇక బ్రేకులే దిక్కు. డీజిలు మిగులుతుందని కావాలనే న్యూట్రల్ కొట్టే మహానుభావులున్నారు. గేరులో ఉండి రేస్ వదిలేస్తే ఇంజిన్ దాదాపు డీజిలే తాగదు, ఆ ముక్క వాళ్లకెవరూ చెప్పరు.

దిగుతున్నప్పుడు క్లచ్ మీద కాలు కూడా ఆనించొద్దు. రేస్ పూర్తిగా వదిలేయండి. అయినా ఇంజిన్ మోత పెరుగుతుంటే, బండి తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు తొక్కి వేగం తగ్గించి వదలండి, మళ్లీ అట్లాగే. పెడల్‌ను అదేపనిగా నొక్కి పట్టుకుంటే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. మలుపులో మాత్రం బ్రేకు తొక్కొద్దు. ట్రాక్టరు పక్కకు తిరిగి ఉండగా ట్రాలీ వెనక నుంచి తోస్తే హుక్కు దగ్గర మడత పడి ట్రాక్టరే బోల్తా కొడుతుంది. తగ్గించుకునేదంతా మలుపుకు ముందే తగ్గించుకోవాలి. వెనక చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్ జోలికి అసలే పోవద్దు, అది బురదలో దిగబడ్డప్పటి కోసం.

వెనక రేడియం స్టిక్కర్లు అంటించండి. ట్రాలీలో మనుషులను, జాతరకైనా సరే, ఎక్కించొద్దు. మిల్లులో దించాక పిన్ను తీసే ముందు ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టండి. ఖాళీ ట్రాలీతో, సాపు రోడ్డు మీద వచ్చేటప్పుడు హై నాలుగు వేసుకుంటే వేసుకోండి.