ఎదుటి మనిషి కోపంలో ఉన్నప్పుడు ముందు ఏం మాట్లాడాలి

"నువ్వెప్పుడూ నా మాట వినవు" అని ఎవరైనా గట్టిగా అంటే, మొన్న విన్నాను కదా అని లెక్కలు తీయకండి, ఎందుకంటే ఆ క్షణంలో వాళ్లకి కావాల్సింది రుజువు కాదు, తమ బాధ మీకు అర్థమైందన్న నమ్మకం. గొంతు తగ్గించి, "పట్టించుకోలేదని అనిపించిందా? ఏం జరిగిందో చెప్పు" అనండి. బాధను గుర్తించడం అంటే తప్పు ఒప్పుకోవడం కాదు, చాలామంది ఇక్కడే వెనకాడతారు. "ఇంత చిన్నదానికా" అనే మాట మాత్రం అస్సలు వద్దు. విన్నది మీ మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడగండి. మీకే గుండె దడదడలాడుతుంటే ఆ టెన్షన్‌లో ఏ మాటా సరిగ్గా రాదు, అందుకే "30 నిమిషాలు ఆగి మాట్లాడదాం" అని చెప్పి లేవండి, చెప్పిన టైమ్‌కి తప్పకుండా తిరిగి రండి. మీ వైపు సంగతి అప్పుడు చెప్పుకోవచ్చు.