ఉక్కు చేతికి వెల కట్టే పద్ధతి
సైబర్‌పంక్ (మనుషుల ఒంట్లో యంత్రాలు కలిసిపోయిన భవిష్యత్ లోకం) టేబుల్‌టాప్ ఆటకు, అంటే బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ పాత్రలు పోషించే ఆటకు, నియమాలు రాసేవారు, పాత్ర ఒంట్లో అమర్చే ప్రతి యంత్ర అవయవానికీ కొన్ని పాయింట్లు కోసి ఊరుకోకూడదు. 1989లో వచ్చిన షాడోరన్ అనే అలాంటి ఆటలో ఎసెన్స్ (పాత్రలో మిగిలిన మనిషితనానికి కొలత) 6తో మొదలై, అమరికలు పెరిగేకొద్దీ దానితోపాటు మంత్రశక్తి కూడా తగ్గుతుంది కనుక మాంత్రికుడికి అది గట్టి దెబ్బే. మంత్రాల జోలికి పోని పాత్రకు మాత్రం ఆ కోత అంతగా తగలదు. అందుచేత వెలను ఆటలోనే కనబడేలా పెట్టడం మేలని నా అభిప్రాయం. ఉదాహరణకు, ఉక్కు చేయి బలపరీక్షకు 2 కలుపుతుంది గాని, పాచిక మీద 1 పడితే వేళ్లు బిగుసుకుపోయి, పట్టుకున్నది తుపాకీ అయినా స్నేహితుడి మణికట్టు అయినా ఆ వంతు ముగిసేదాకా వదలవు. లెక్కను పాత్ర పత్రంలో ఒక్క గడి దాటనివ్వకండి. దాటితే పోరాటం మధ్యలో అందరూ పెన్సిలూ రబ్బరూ పట్టుకుని కూర్చుంటారు.