ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కరెంటు పాఠాలు – 4: సోలినాయిడ్ పోయిందా, వైరు పోయిందా?

పోయిన పాఠంలో స్కానర్ పెట్టి కోడ్ తీసుడు చూసినం కదా, ఇయ్యాల ఆ కోడ్ పట్టుకుని ఎక్కడిదాక పోవాలె, ఎక్కడ ఆగాలె అనేది చూద్దాం. స్కానర్‌లో షిఫ్ట్ సోలినాయిడ్ (కరెంటుతో ఆయిల్ దారి తెరిచి మూసి గేర్ మార్పించే కాయిల్ వాల్వ్) అని పేరు పడంగనే చాంబర్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే పాన్) ఇప్పి, ఆయిల్ దింపి, కొత్త సోలినాయిడ్ ఏసుడు మన ఆటోనగర్‌ల బాగా అలవాటైపోయింది. నాకు ఇది అస్సలు నచ్చదు, ఎందుకంటే ఓనర్‌కి ఆయిల్ ఖర్చు, సోలినాయిడ్ ఖర్చు రెండూ పడ్తయి, బండి మాత్రం మళ్ళా అదే గేర్‌ల ఇరుక్కుని లింప్ మోడ్‌లనే, అంటే ఫాల్టు చూసి గేర్‌బాక్స్ తనను తాను కాపాడుకునే మోడ్‌లనే వాపస్ వస్తది. ఆ కోడ్ వచ్చేది మొత్తం సర్క్యూట్ మీద. టీసీయూ (గేర్‌బాక్స్‌ని నడిపించే కంప్యూటర్) పిన్ను, బయట వైరు, కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్), గేర్‌బాక్స్ లోపలి వైరింగ్, కాయిల్, వీటిల ఎక్కడ తెగినా అదే పేరు పడ్తది.

ముందు కోడ్ చివరి అంకె చూడండి. పీ0753 అంటే 'A' అనే షిఫ్ట్ సోలినాయిడ్‌ది కరెంటు ఫాల్టు, ఇది మీటర్‌తో దొరికే పని. పీ0751, పీ0752 అయితే కరెంటు కరెక్ట్‌గనే పోతుంది గానీ వాల్వ్ ఇరుక్కుందనో ప్రెషర్ లేదనో అర్థం, దానికి ఈ పాఠం పనికిరాదు. పెద్ద బండ్లల్ల పీ కోడ్ బదులు ఎస్పీఎన్ (ఏ భాగం అని చెప్పేది), ఎఫ్ఎంఐ (ఏ రకం ఫాల్టు అని చెప్పేది) అని రెండు నంబర్లు వస్తయి, అందుల ఎఫ్ఎంఐ మీదనే కన్ను పెట్టాలె. 5 అంటే కరెంటు తక్కువ, వైరు తెగినట్టు లెక్క. 6 అంటే కరెంటు ఎక్కువ, బాడీకి అర్థ్ అయినట్టు. 3 అంటే వోల్టేజ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ. ఈ ఒక్క నంబర్‌తో సగం దారి తేలిపోతది.

ఇంకోటి, అన్ని సోలినాయిడ్ల కోడ్‌లు ఒక్కసారే పడితే ఒక్క సోలినాయిడ్ మీద కూడా అనుమానపడొద్దు. అన్నీ ఒకేరోజు కాలిపోవు కదా! చాలా డిజైన్లల్ల సోలినాయిడ్లకి ఒక్కటే కామన్ సప్లై వైరు ఉంటది, అది గానీ, ఫ్యూజ్ గానీ, టీసీయూ అర్థింగ్ గానీ పోయి ఉంటది, ముందు అవి చూడండి.

ఇంక మీటర్ పని. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు డిజిటల్ మీటర్ చాలు, కాకపోతే అన్నిటికంటే తక్కువ, ఎక్కువ రీడింగ్ పట్టి ఉంచే మిన్, మ్యాక్స్ బటన్ ఉన్నది తీసుకోండి, తర్వాత పనికొస్తది. ఇగ్నిషన్ ఆఫ్, బ్యాటరీ కట్. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనించి ఎంత చూపిస్తుందో చూసి ఆ అంకె తర్వాత తీసెయ్యండి, చిన్న కాయిల్ కొలిచేటప్పుడు అర ఓమ్ కూడా లెక్కలకొస్తది. ఇప్పుడు టీసీయూ కప్లర్ ఊడదీసి అక్కడ్నుంచే ఆ సోలినాయిడ్ ఓమ్స్ కొలవండి, గేర్‌బాక్స్ కిందికి పోయే పనే లేదు. ఆన్ ఆఫ్ సోలినాయిడ్లు చాలా గేర్‌బాక్సుల్ల 20 నుంచి 30 ఓమ్స్ చూపిస్తయి, ప్రెషర్ కంట్రోల్ చేసేవి 3 నుంచి 6 దగ్గర ఉంటయి, మీ బండి మాన్యువల్‌ల ఏమున్నదో అదే ఫైనల్. తర్వాత అదే పిన్నుకి, బాడీకి మధ్య కొలవండి, కాయిల్ రెండో కొస బాడీకే కలిపిన డిజైన్ కాకపోతే ఓఎల్ (అంటే దారి తెగి ఉంది, కరెంటు పోదు అని) రావాలె, అంకె వచ్చిందంటే ఎక్కడో తాకుతున్నట్టే.

ఇక్కడ తేడా కొట్టిందా, అప్పుడు గేర్‌బాక్స్ కప్లర్ ఊడదీసి లోపలి దిక్కు కొలవండి. అక్కడ కరెక్ట్‌గ ఉంటే తప్పు బయట వైరింగ్‌ది, అక్కడ కూడా తప్పుంటేనే చాంబర్ ఇప్పాలె.

కప్లర్ ఊడదీసినప్పుడు తొందరపడకుండ లోపల టార్చ్ ఏసి చూడండి. మొన్న వానల్ల ఎల్‌బీ నగర్ దిక్కు నుంచి ఒక టిప్పర్ వచ్చింది, ఎఫ్ఎంఐ 5 వచ్చి పోతుంది, ఇంకో షాపుల సోలినాయిడ్ అప్పటికే మార్చి ఉన్నరు. కప్లర్ ఇప్పితే అడుగున ఎర్రగ ఆయిల్ మెరుస్తుంది, ఒక పిన్ను మీద పచ్చగ చిలుము. ఆయిల్ బయటికొచ్చిందంటే గేర్‌బాక్స్ దిక్కు సీల్ పోయినట్టే, అది వైరు పోగుల మధ్యల పాకి టీసీయూ దాక కూడా పోగలదు. క్లీన్ చేసి కొత్త మగ పిన్ను ఒకటి తీసుకుని ఒక్కొక్క ఆడ పిన్నులో గుచ్చి లాగి చూస్తే మిగిలినవన్నీ గట్టిగ పట్టుకుంటున్నయి, ఆ ఒక్కటి మాత్రం లూజుగ జారిపోతుంది. సీల్, ఆ టెర్మినల్ మార్చినం, బండి మళ్ళా రోడ్డెక్కింది. పిన్నులో మల్టీమీటర్ ప్రోబ్ లావుగ దూర్చితే అవి ఇట్లనే వెడల్పయితయి, దయచేసి ఆ పని చెయ్యకండి, వెనక నుంచి సన్నటి పిన్నుతో ముట్టించండి.

మీటర్‌ల వైరు బాగానే చూపించి లోడ్ మీద మోసం చేసే కేసు ఒకటుంటది, లోపల పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలితే కూడా ఓమ్స్ సున్నా దగ్గరనే వస్తయి. దానికి, 24 వోల్ట్ బండి అయితే, 24 వోల్ట్ 21 వాట్ బల్బ్ పెట్టండి. రెండు చివర్లూ ఊడదీసి, అంటే టీసీయూ, గేర్‌బాక్స్ రెండు కప్లర్లూ, ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ కరెంటు ఆ అనుమానం వైరు గుండా బల్బ్‌కి పంపండి. ఆ బల్బ్ దాదాపు 0.9 ఆంప్స్ లాగుతది, 20 ఓమ్స్ కాయిల్ 24 వోల్ట్స్‌కి లాగేది 1.2, కాబట్టి దగ్గర దగ్గర అదే బరువు. మసకగ వెలిగితే వైరు మార్చాల్సిందే. కానీ సోలినాయిడ్‌కి డైరెక్ట్‌గ బ్యాటరీ కొట్టి టక్ అన్న సౌండ్ వింటమంటే వద్దు, 5 ఓమ్స్ కాయిల్‌కి 24 వోల్ట్స్ ఇస్తే దాదాపు 5 ఆంప్స్ పోతయి, బాగున్నది కూడా కాలుతది. లోపల డయోడ్ (కరెంటుని ఒక దిక్కే పోనిచ్చేది) ఉన్నదైతే ప్లస్ మైనస్ తారుమారు అయినా పోతది.

చల్లగ ఉన్నప్పుడు అన్నీ బాగుండి శంషాబాద్ దాటినంక వేడెక్కి కోడ్ పడే బండ్లు ఉంటయి, వాటిని ఆయిల్ వేడి మీదనే మళ్ళా కొలవాలె. రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతది, 20 డిగ్రీల దగ్గర 20 ఓమ్స్ ఉన్నది 90 డిగ్రీలకి దాదాపు 25న్నర అయితది, అది మామూలే. పెరగాల్సింది తగ్గిందంటే కాయిల్ చుట్లు లోపల షార్ట్ అవుతున్నయి, ఓఎల్ పడిందంటే వేడికి తెగుతుంది. మిన్, మ్యాక్స్ నొక్కి ఒకరు వైరింగ్ ఊపుతుంటే ఇంకొకరు మీటర్ చూడండి, కంటికి అందని తెగుడు కూడా అందుల పడ్తది.

చల్లటివి, వేడివి రెండు రీడింగులూ బండి నంబర్‌తో సహా నోట్‌బుక్‌ల రాసిపెట్టుకోండి, 5వ పాఠంలో టీసీయూ డ్రైవర్ (టీసీయూ లోపల సోలినాయిడ్‌కి కరెంటు ఇచ్చే సర్క్యూట్) పోయిందా లేదా అని తేల్చేటప్పుడు వాటితోనే మొదలుపెడ్తం.